అతుకుల బొంతకు కుట్టువరుసను ఎన్నుకొనుట

ప్రాతచీరలను పొరలుగా పఱచి, అంచునుండి అంచువఱకు సూటిగా కుట్టిన బొంత మన యిండ్లలో నెల్లరు నెఱిగినదే. అమెరికా దేశపు అతుకుల బొంత దానికి చుట్టమే గాని, దానియందు నడుమ దూదిపొర యుండును. పైన గుడ్డముక్కలు జతచేసిన పైపొర, నడుమ దూది, అడుగున అస్తరు: ఈ మూడింటిని కలిపి పట్టునది చేతికుట్టు. చీరల బొంతలో కుట్టు వదులైనను పొరలన్నియు గుడ్డలే గనుక పెద్ద నష్టము లేదు. దూది యట్లు కాదు. పట్టు చాలనిచో మొదటి యుతుకులోనే ముద్దలు కట్టి మూలలకు చేరును. నెలలతరబడి ముక్కలు కూర్చిన శ్రమ యంతయు నొక్క చాకిరేవుతో పాడగును. కావున విద్యార్థినులు కుట్టువరుసను కేవల మలంకారముగా నెంచరాదు.

1930 ప్రాంతముల అమెరికా బొంతల పోలికతో నేడు క్రొత్తగా నొకటి కుట్టదలచినవారు మొదట దూదిని విచారింపవలెను. ఆనాటి దూదిపొర వదులైనది. కుట్టునకు కుట్టునకు నడుమ రెండంగుళములకు మించి యెడము పనికిరాదు. ఇప్పుడు సూదులతో గ్రుచ్చి గట్టిపఱచిన పొరలు దొరకుచున్నవి. వానిలో గొన్నింటికి ఎనిమిది అంగుళముల యెడమైనను చాలును. అంత మాత్రమున ఎడముగా కుట్టుట మంచిదని నా యభిప్రాయము కాదు. అట్లు కుట్టినది పరుపువలె ఉబ్బియుండునే గాని పాతబొంతవలె నుండదు. ప్రాతవాని సన్నని ముడుతల యందము దగ్గఱి కుట్టునుండియు, ఉతికినప్పుడు నూలు ముడుచుకొనుటనుండియు కలిగినది.

పిమ్మట పైపొరను ఎదుట పఱచి, కుట్టు కనబడు చోటెక్కడనో చూడవలెను. పూలగుడ్డల ముక్కలపై నెంత చక్కని లతను కుట్టినను కన్నులకు కానరాదు, అది వృథాశ్రమ. ఈకలు, పూదండలు మొదలగు నాజూకు పనులను సాదాగుడ్డమీదనే చేయవలెను. ‘డబుల్ వెడ్డింగ్ రింగు’, అనగా జంట పెండ్లియుంగరముల బొంతలో, చిన్నముక్కల వలయముల నడుమ సాదాగుడ్డ మిగులును. నేర్పంతయు నచ్చట చూపవచ్చును. ఇట్టి నమూనాలను ‘కాన్సాస్ సిటీ స్టార్’ పత్రిక 1928 మొదలు 1961 వఱకు ప్రకటించెను. పల్లెటూళ్ల స్త్రీలనేకులు వానిని కత్తిరించి దాచుకొనిరి.

ఆఱు కోణముల ముక్కలను పూవులుగా కూర్చిన ‘గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్’, అనగా అమ్మమ్మ పూలతోట, విషయము వేఱు. ఇందు ప్రతి ముక్కలోపలను, అతుకునకు పావంగుళము దూరముగా, ముక్క ఆకారమునే యనుసరించి కుట్టుట వాడుక. పావంగుళమే యేల? అతుకునకై విడిచిన అంచు సుమారు పావంగుళము. అది వెనుకవైపున నొక ప్రక్కకు మడిగి యుండును. ఆ మందము దాటినచోట సూది సులువుగా దిగును, కుట్లు చిన్నవిగా పడును. ఒక్కొక్క భుజ మంగుళముగల ముక్కలో నిట్లు కుట్టినచో దూదికి పట్టును చాలినంత కలుగును. అయితే ముక్కలు వందలకొలది యుండును గనుక తొందరపడువారికి ఈ పని తగదు.

రకరకముల పాతగుడ్డలు కలిసిన పైపొరకు నేను విసనకఱ్ఱ వరుసనే మేలందును. దీనిని ‘బాప్టిస్టు ఫాన్’ అందురు. ‘మెథడిస్టు ఫాన్’ అనువారును గలరు. ఏ సంఘమువారిదో తీర్పు చెప్పుట మన పని గాదు! ఒక మూలను కేంద్రముగా గొని, అంగుళము చొప్పున పెరుగు విల్లుగీతలను ఒకదానిపై నొకటి గీయుదురు. మోచేతిని చట్రముపై నానించి చేతిని త్రిప్పినను అట్టి గీత వచ్చును. దారమును సుద్దముక్కకు కట్టినను వచ్చును. అతుకు లెచ్చట నున్నవో చూడ నవసరములేదు. అంచునుండి లోపలికి వరుసవెంట వరుస సాగును గనుక చట్రమున కిరుప్రక్కల అనేకులు కూర్చుండి కుట్టవచ్చును. దీని లోపమును చెప్పవలెను: గీత అతుకులను దాటునప్పుడు పొరలు మందమై కుట్లు పొడవగును, వ్రేళ్లు నొచ్చును. కావున అతుకులు క్రిక్కిఱిసిన పూలతోటకు దీనిని వాడుట కష్టము.

మఱియొక సంగతి. నడుమ దట్టముగా కుట్టి అంచులను పలుచగా విడిచినచో, నడిమిభాగము ముడుచుకొని అంచులు అలలుగా లేచును. ఏ వరుసను ఎన్నుకొన్నను దట్టము అంతటను సమముగా నుండవలెను.

నిశ్చయించుటకు ముందు అడుగు పొడవు, అడుగు వెడల్పు గల మాదిరి ముక్కను అదే గుడ్డతో, అదే దూదితో కుట్టి, ఉతికి ఆరవేయుడు. గీతలను సుద్దతోనో, పలుచని పెన్సిలుతోనో గీయుడు. అవి పోయినవో లేదో ఆ ముక్కపైననే తెలియును. గీతలు పూర్తిగా పోవువఱకు ఇస్త్రీ పెట్టెను తాకింపకుడు. వేడి తగిలినచో కొన్ని గుర్తులు గుడ్డలో నిలిచిపోవును.