నమూనా వ్యాగను

ఉద్దేశం: చేతిపనికి పరిశీలన ఎంత అవసరమో, సత్యనిష్ఠ కూడా అంతే అవసరమని విద్యార్థులకు తెలియజేయడం.

శంషాబాద్ పేరు వినగానే విమానాశ్రయం స్ఫురిస్తుంది. 2008 మార్చిలో అది ప్రారంభమైన నాటి నుండి అక్కడ అందరి చూపులూ ఆకాశం వైపే. ఆ ఊరి చెంతనే ఉందానగర్ రైల్వేస్టేషను ఉంది. నిజాం కాలంలో మీటరుగేజిగా వెలసిన ఆ మార్గం తరువాత బ్రాడ్‌గేజిగా మారింది. 2023 ఏప్రిల్‌లో అక్కడి దాకా ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలయ్యాయి. కాని గూడ్సు బండిని నిలబడి చూసేవారు అరుదు. దేశమంతటా బియ్యాన్ని, సిమెంటును, బొగ్గును మోసేది అదే. ఆ వ్యాగనుకు నమూనా చేయాలంటే ముందుగా దానిని చూడడం నేర్చుకోవాలి.

నమూనాకు మొదటి సూత్రం కొలత. బహుళ ప్రచారంలో ఉన్న ‘హెచ్‌ఓ’ ప్రమాణంలో నమూనా అసలు వస్తువులో 87వ వంతు ఉంటుంది. బొగ్గు మోసే ‘బాక్స్‌ఎన్’ వ్యాగను పొడవు కప్లర్లతో సహా సుమారు 10.7 మీటర్లు, నమూనాలో 123 మి.మీ. అవుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1676 మి.మీ. గల మన బ్రాడ్‌గేజి ఆ లెక్కన 19.3 మి.మీ. కావాలి. హెచ్‌ఓ పట్టాల ఎడం 16.5 మి.మీ. మాత్రమే. అది 1435 మి.మీ. గేజికి కట్టిన లెక్క. నిజాయితీ గల నమూనాకారుడు ఈ తేడాను ఒప్పుకుంటాడు. లేదా తానే పట్టాలు పరుచుకుంటాడు.

కొలత కుదిరాక వివరాలు చేర్చాలి. చేతిపట్టుకు అర మిల్లీమీటరు తీగ వాడితే, అసలు వ్యాగనుపై 43.5 మి.మీ. మందం గల కడ్డీతో సమానమవుతుంది. 0.3 మి.మీ. తీగ మేలు. పేరు చివరి ‘ఎన్’ గాలిబ్రేకుకు గుర్తు. కనుక అడుగున గాలిగొట్టం, సిలిండరు అమర్చాలి. పట్టాలపై నిలిపితే అవి ఎవరికీ కనబడవు. అయినా అవి లేవని చేసినవాడికి తెలుసు.

జేగురు రంగును పలుచని పూతలుగా వేయాలి. 0.1 మి.మీ. పూత అసలు వ్యాగనుపై దాదాపు 9 మి.మీ. మందంతో సమానం, దాని కింద రివెట్లు మాయమవుతాయి. రంగు ఆరాక నిగనిగలాడే వార్నిషు పూసి, దానిపై అక్షరాల స్టిక్కర్లు అంటించాలి. గరుకు తలంపై అంటిస్తే లోపల గాలి చిక్కి తెల్లగా మెరుస్తుంది.

వ్యాగను సంఖ్యలో 11 అంకెలుంటాయి. మొదటి రెండు వ్యాగను రకాన్ని, తరువాతి రెండు దాని సొంత రైల్వేను, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. తరువాతి నాలుగు వరుససంఖ్య. పదకొండవది సరిచూసే అంకె. పద్యంలో గణం తప్పితే చెవి పట్టుకున్నట్లు, ఒక అంకె తప్పినా ఈ చివరి అంకె పట్టిస్తుంది.

చివరిది పాతదనం. తుప్పు వాననీటితో కిందికి జారుతుంది. బొగ్గు ఒరుసుకున్న లోపలి గోడలపై రంగు లేచిపోతుంది. చక్రాల అంచు మాత్రం పట్టాల రాపిడికి మెరుస్తుంది. అంతటా ఒకే తీరుగా మురికి పూస్తే అది అలంకారమే కాని సత్యం కాదు.

ఉందానగర్ మార్గంలో మీటరుగేజి వ్యాగన్లు ఇప్పుడు లేవు. శ్రద్ధగా కొలిచి, గీసి, చేసినవారి వద్దనే వాటి రూపం నిలుస్తుంది. నేటి వ్యాగను కూడా రేపటికి పాత ఇనుమే. ఈసారి గూడ్సు బండి ఎదురైనప్పుడు, పట్టాలపైకి దిగకుండా, ప్లాట్‌ఫారం మీద నుండే ఒక్క వ్యాగనును నిదానంగా చూడండి.

అర్థాలు: ఎడం = మధ్య దూరం; జేగురు = ఎర్రమట్టి రంగు; ఒరుసుకొను = రాసుకొను.

ప్రశ్నలు:
1. మన బ్రాడ్‌గేజి నమూనాలో ఎదురయ్యే చిక్కు ఏమిటి?
2. కనబడని భాగాలను కూడా ఎందుకు చేయాలి? మీ అభిప్రాయాన్ని రాయండి.