విద్యారుణము: నిద్రపుచ్చరాని బాకీ

బిడ్డ చదువుకై బ్యాంకులో తెచ్చిన అప్పు అప్పే కాదనియు, ఉద్యోగము చిక్కువరకు దాని ఊసెత్త నక్కరలేదనియు, ఆమీదట రెండేండ్ల జీతముతో అది దానంతటదే తీరిపోవుననియు, ఒకవేళ తీరకున్నను ఏదో ఒక ఎన్నికలవేళ ప్రభుత్వమువారు పంటరుణముల వలెనే దానిని కూడ మాఫీ చేయుదురనియు ఒక నమ్మకము మన పలనాటిలో, నరసరావుపేట మొదలు మాచర్ల దాక, తల్లిదండ్రుల మనస్సులలో వేళ్లూనుకొని యున్నది. ఈ నమ్మకములోని నాలుగు భాగములును తప్పే. 2014లో రాష్ట్రప్రభుత్వము కుటుంబమునకు లక్షన్నర వరకు పంటరుణ విముక్తి ప్రకటించిన మాట నిజము. కాని విద్యారుణమునకు అట్టి మాఫీ ఆంధ్రప్రదేశమున ఇంతవరకు కలుగలేదు. కలుగునని వాయిదాలు ఆపివేసి బాగుపడిన కుటుంబమును నేను చూడలేదు.

బ్యాంకుల సంఘమువారి మాదిరి పథకము ప్రకారము చదువు సాగినంత కాలమును, ఆపై ఒక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కరలేని గడువు ఉండును, దీనినే మారటోరియమందురు. గడువన్న మాట విని వడ్డీయే లేదని మనవారు పొరపడుచున్నారు. మొదటి విడత సొమ్ము కళాశాలకు చేరిన దినము నుండియే వడ్డీ నడచును. గడువుకాలమున అది బారువడ్డీగా పేరుకొని, గడువు తీరిననాడు అసలులో కలిసిపోవును. నోటు తిరగవ్రాయుట ఎట్టిదో ఎరుగని రైతు ఈ సీమలో లేడు: మూడేండ్లు నిండవచ్చునప్పుడు కాలదోషము పట్టకుండ, నాటివరకైన వడ్డీని అసలులో కలిపి షావుకారు క్రొత్త నోటు వ్రాయించుకొనును. సరిగా ఆ పనినే బ్యాంకును చేయుచున్నది. సంతకమునకై మరల పిలువదు గనుక మనకు తెలియుట లేదు.

ఒక విద్యార్థి ఇంజినీరింగు నాలుగేండ్లకు ఏటేట లక్ష చొప్పున నాలుగు లక్షలు, పది శాతము వడ్డీకి తీసికొన్నాడనుకొందము. ఐదేండ్ల గడువు ముగియునప్పటికి వడ్డీ 1,40,000 రూపాయలై, బాకీ 5,40,000 రూపాయలకు చేరును. దానిని పదేండ్లలో తీర్చనెంచిన నెలకు సుమారు 7,140 రూపాయలు కట్టవలయును. అట్లుగాక మొదటి ఏట నెలకు 833, రెండవ ఏట 1,667, మూడవ ఏట 2,500, అటుపై 3,333 రూపాయల చొప్పున వడ్డీ మాత్రము ఎప్పటిదప్పుడు చెల్లించియున్నచో, వాయిదా 5,290 రూపాయల దగ్గర నిలుచును. ముందుగా కట్టిన ఆ లక్షా నలుబదివేలు తరువాతి పదేండ్లలో రెండు లక్షల ఇరువదివేలను మిగుల్చును. పైగా చదువు కాలమున వడ్డీ కట్టుచు వచ్చినవారికి పెక్కు బ్యాంకులు వడ్డీలో ఒక శాతము వరకు తగ్గించును. మొదటి ఏట నెలకు 833 రూపాయలు కట్టలేమనువారు, అదే పిల్లవాని చేతిలోని ఫోనుకు నెలనెల ఎంత వాయిదా కట్టుచున్నారో ఒక్కసారి ఆలోచింపవలెనని నా మనవి.

అర్హతల సంగతి క్లుప్తముగా చెప్పెదను: మాదిరి పథకమున నాలుగు లక్షల వరకు తాకట్టు అడుగరు, ఏడున్నర లక్షలు దాటిన ఆస్తి చూపుట తప్పదు, కుటుంబాదాయము ఏడాదికి నాలుగున్నర లక్షలలోపువారు గుర్తింపు గల సంస్థలలో సాంకేతిక, వృత్తివిద్యలు చదువునెడల గడువుకాలపు వడ్డీని కేంద్రమే భరించును, 2024 నవంబరులో ఆమోదము పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకము, ఎంపికచేసిన ఉన్నత సంస్థలలో ప్రతిభచే సీటు పొందినవారికి తాకట్టును జామీనును లేకుండ అప్పిప్పించి, ఎనిమిది లక్షల వరకు ఆదాయము గలవారికి పది లక్షల అప్పు మేరకు మూడు శాతము వడ్డీ రాయితీ నిచ్చును. మేనేజిమెంటు సీటు కొన్నవారికి ఈ సదుపాయములలో అధికభాగము అందదు. ఇంతవరకు అందరును చదివియే యుందురు. కాని తహశీల్దారు కార్యాలయపు ఆదాయ ధ్రువపత్రమును సకాలములో బ్యాంకు శాఖకు అందజేయనందున, అర్హత యుండియు రాయితీ పోగొట్టుకొన్నవారిని తలచినపుడెల్ల నాకు మనసు నొచ్చును. కాలేజీలో ప్రవేశమునకై నాలుగూళ్లు తిరిగిన తండ్రి, ఒక్క కాగితమునకై మండల కేంద్రమునకు పోజాలకున్నాడు.

గురజాల వైపు నుండి వచ్చిన ఒక రైతు నా బల్లపై ప్లాస్టికు సంచి విప్పి, పాసుపుస్తకము, 1-బీ భూరికార్డు నకలు, బంగారపు రుణము రసీదు, కుమారుని మార్కుల జాబితా వరుసగా పరచి, "ఉద్యోగం వచ్చినాకే గదండీ కట్టేది, పిల్లోడే కట్టుకుంటాడు" అన్నాడు. రుణపత్రముపై తన సంతకము ఎక్కడ నున్నదని అడుగగా ఆయనకు తెలియలేదు. ప్రతి తండ్రియు ముందు తెలిసికొనవలసినది ఇదియే: ఆయన సాక్షి కాడు, సహ రుణగ్రహీత. వాయిదా తొంబది దినములు దాటి నిలిచిపోయినచో ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా మారును. కుమారుని సిబిల్ స్కోరుతోపాటు తండ్రిదియు పడిపోవును. మరుసటి ఖరీఫునకు ఆయన పంటరుణము అడుగబోయినపుడు పాత బాకీ ఎదురునిలుచును. అకాలమున పిల్లవానికేదైన జరిగినను బాకీ ఈయనదే. కాబట్టి అప్పుకు తగిన టర్ము బీమా పిల్లవాని పేర తీసికొనుట పరమావశ్యకము.

ఎకరాలున్నవారికి సైతము ఇక్కడ ఒక చిక్కు కలదు. తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకొనుటకు బ్యాంకులకు అధికారమిచ్చు సర్ఫేసీ చట్టము వ్యవసాయభూమికి వర్తింపదు గనుక, సాగరు కాలువ క్రింది మాగాణినైనను బ్యాంకులు సాధారణముగా విద్యారుణమునకు తాకట్టుగా అంగీకరింపక పట్టణములో ఇల్లో స్థలమో అడుగును. అది లేనివారు రెండు రూపాయల వడ్డీకి, అనగా ఏడాదికి నూటికి ఇరువదినాలుగుకు, ఊరిలో నోటు వ్రాసి, మిరపకాయలు అమ్మి తీర్చెదమందురు. 2023లో క్వింటాలు ఇరువదివేలు దాటి పలికిన మిరపకు, 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రము 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటింపవలసిన గతి పట్టెను. శీతల గిడ్డంగిలోని మిరప టిక్కీలను నమ్మి పిల్లల చదువుకు రెండు రూపాయల వడ్డీకి అప్పు చేయవలదని చేతులు జోడించి చెప్పుచున్నాను. ఇంటర్మీడియెటు నాటినుండియే గుంటూరు, విజయవాడ హాస్టళ్లకును కోచింగులకును ఇట్టి అప్పులు చేసినవారికి, అసలు చదువు మొదలగునప్పటికి బ్యాంకు ముందు నిలుచు శక్తియే మిగులదు.

ఇక అమెరికా ప్రస్తావన. రెండేండ్ల ఎం.ఎస్.కై ఏడాదికి ఇరువది లక్షల చొప్పున నలుబది లక్షలు పదకొండున్నర శాతమునకు తెచ్చినచో, మూడేండ్ల గడువు ముగియునప్పటికి బాకీ యాబదియొకటిన్నర లక్షలగును. పదేండ్లలో తీర్చుటకు నెలసరి వాయిదా డెబ్బదిరెండు వేల పైమాట. హైదరాబాదులో క్రొత్తగా చేరిన ఇంజినీరు ఏడాదికి మూడున్నర లక్షల జీతముతో దీనిని మోయలేడు. అనగా అమెరికాలో ఉద్యోగము దొరికి, నిలిచి, వీసా వచ్చిననే ఈ అప్పు తీరును. చదువు ముగిసిన పిదప ఓపీటీ అను పని అనుమతి పన్నెండు నెలలు, సాంకేతిక విద్యలకు మరి ఇరువదినాలుగు నెలలు. మొదటి పన్నెండు నెలలలో తొంబది దినములకు మించి నిరుద్యోగిగా నుండరాదు. ఆపై హెచ్-1బీ ఉద్యోగ వీసాలు ఏడాదికి 85,000 మాత్రమే, అదియు లాటరీ; 2025 సెప్టెంబరులో క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ఆ దేశాధ్యక్షుడు ప్రకటన చేసెను. కోడిపందెముపై రాజ్యమొడ్డి ఏడేండ్లు వనవాసమేగిన కథ పలనాటివారికి నేను చెప్పనక్కరలేదు. ఉన్న ఒక్క యింటిని లాటరీపై ఒడ్డుట అంతకంటె వివేకమని నేననుకొనను.

నన్ను మరింత బాధించునది కన్సల్టెన్సీల నడవడి. సలహా ఉచితమని పలికి, విశ్వవిద్యాలయము నుండి కమీషను పుచ్చుకొనువారు ఏ విశ్వవిద్యాలయమును సూచింతురో ఊహించుట కష్టము కాదు. ఖాతాలో లేని సొమ్మును కొన్ని వారములు వడ్డీకి తెచ్చి నిలిపి, వీసా అధికారికి చూపించు ఏర్పాటు సైతము వీరిదే. ఆ వడ్డీయు చదువు ఖర్చులో చేరును, ఆ అబద్ధము విద్యార్థి పేర దాఖలగును. అప్పు మెడపై నున్న పిల్లవాడు ఉద్యోగము రాకున్నను తిరిగి రాలేడు. ఎట్లైనను అక్కడనే నిలువవలెనను ఆరాటమున తప్పుదారి చూపువారి చేత చిక్కును. మిషిగన్ రాష్ట్రమున అమెరికా అధికారులే వలగా నెలకొల్పిన ఫార్మింగ్టన్ అను బూటకపు విశ్వవిద్యాలయమున పేరు నమోదు చేసికొని 2019లో నిర్బంధితులైన భారతీయ విద్యార్థులలో తెలుగువారు ఎందరో యుండిరి. వారిని నిందించుటకు ముందు, పొరుగింటివాని కుమారుడు వెళ్లినాడు గనుక మనవాడును వెళ్లవలెనని ఇంట వినిపించిన పోరును గుర్తుంచుకొనవలయును. ఇరువది యేండ్ల బిడ్డపై యాబది లక్షల భారమును, వంశప్రతిష్ఠను ఒక్కసారిగా మోపు హక్కు మనకెవ్వరిచ్చిరి?

అప్పు ఇదివరకే చేసియున్న యువకులకు నేను చెప్పునది వేరు. మొదటి జీతముతో బుల్లెట్టు బండి వాయిదా తలకెత్తుకొనకుడు. జీతము పడిన మరుసటి దినమే రుణపు వాయిదా దానంతటదే పోవునట్లు బ్యాంకులో ఏర్పాటు చేసికొనుడు. మారుచుండు వడ్డీపై వ్యక్తులు తీసికొన్న రుణములకు ముందుగా కట్టినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2014లోనే ఆదేశించెను. కాబట్టి బోనసు వచ్చినను, ఇంట పంట అమ్మినను, కొంత అసలుకు జమకట్టి, అది అసలుకే చేరినదని స్టేట్‌మెంటులో సరిచూచుకొనుడు. పాత పన్ను విధానమున నున్నవారికి 80-ఇ క్రింద ఎనిమిదేండ్ల వరకు కట్టిన వడ్డీకి మినహాయింపు కలదు, అసలుకు లేదు.

ఉద్యోగము పోయినచో ముఖము చాటువేయవలదు. వాయిదా తప్పక మునుపే శాఖకు పోయి, నిరుద్యోగమును వ్రాతమూలకముగా తెలిపి, గడువు పొడిగింపో వాయిదా తగ్గింపో కోరవలయును. అందులకు మాదిరి పథకమున అవకాశమున్నది, కాని అడుగనివానికి దొరకదు. వాయిదా కట్టుటకు లోన్ యాపులలో అప్పు చేయుట మాత్రము ఎన్నడును కూడదు. ఇంత తగ్గించెదము, ఒక్కసారి కట్టి వదిలించుకొనుమని బ్యాంకువారు పిలిచినపుడు తొందరపడకుడు. అట్లు తీరిన రుణము సిబిల్ నివేదికలో 'సెటిల్డ్' అని ఏండ్లతరబడి నిలిచి, రేపు ఇంటి అప్పునకు అడ్డుపడును.

నన్నడిగిన, తక్కువ అప్పుతో ముగియు చదువే మంచి చదువు. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చినచో నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేయుడు. పాలిసెట్ వ్రాసి డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా ఇంజినీరింగు రెండవ సంవత్సరమున చేరుడు. నరసరావుపేటలోని జేఎన్‌టీయూ కళాశాలలో సీటు వచ్చుచుండగా దూరపు మేనేజిమెంటు సీటుకై పొలము అమ్మవలదు. పై చదువు కావలెనన్న గేటు వ్రాసిన ఎం.టెక్. విద్యార్థికి నెలకు 12,400 రూపాయలు ఎదురిత్తురు. విదేశమే ధ్యేయమైనచో ఇక్కడ రెండుమూడేండ్లు పనిచేసి, కొంత కూడబెట్టి, ఇల్లు తాకట్టు పెట్టనక్కరలేని మేరకు అప్పు చేసి వెళ్లుడు.

ఇప్పటికే అప్పున్న విద్యార్థులారా, తల్లిదండ్రులారా, ఈ నెలలోనే మీ శాఖకు పోయి నేటివరకైన వడ్డీ ఎంత, మారటోరియము ముగియు తేదీ ఏది, వడ్డీ రాయితీకి మీ పేరు పంపిరా లేదా అని అడిగి, జవాబులు కాగితముపై వ్రాయించుకొనుడు. అవి చేతికి వచ్చువరకు అక్కడినుండి కదలకుడు.