వెన్ను మీద చెయ్యి: ప్రదర్శనల్లో గొర్రెపిల్లల ఎంపిక

గొర్రెల వర్తకంలో కొనేది ప్రాణమున్న జీవాన్ని, అమ్మేది మాంసాన్ని. ఈ రెంటి నడుమ అంచనా తప్పినప్పుడల్లా నష్టపడేది కొన్నవాడే. జీవం నిలబడి వుండగానే లోపల కండ ఎంత, కొవ్వు ఎంత అని లెక్క కట్టే విద్యను అమెరికాలోని పశు ప్రదర్శనలు బాగా సానబెట్టాయి. 1906లో మొదలైన డెన్వర్ ప్రదర్శన వంటి పెద్దవాటిలోనూ, ఊళ్లలో జరిగే చిన్నవాటిలోనూ 'మార్కెట్ పిల్లల' పోటీ వుంటుంది. ఏడాది లోపు వయసుండి కోతకు సిద్ధమైన గొర్రెపిల్లలకే అందులో ప్రవేశం. మగవైతే విత్తులు కొట్టినవై వుండాలి. బరువు సుమారుగా 50 నుంచి 70 కిలోల వరకు వుంటుంది. వాటిని మేపి, బరిలోకి తెచ్చేవారు ఎక్కువగా బడి ఈడు బాలబాలికలే.

న్యాయనిర్ణేత ముందుగా జీవాన్ని వెనుక నుంచి చూస్తాడు. కారణం వర్తకులు గుర్తుంచుకోదగినది. కొవ్వు శరీరమంతటా సమంగా పట్టదు. వెన్ను మీద, తోక మొదట్లో, భుజం వెనుక, డొక్కలో, రొమ్ములో ఎక్కువగా చేరుతుంది. తొడ దిగువ భాగంలో మాత్రం కొవ్వు పలుచన. కాబట్టి వెనుక నుంచి చూచినప్పుడు తొడ దిగువన వెడల్పుగా వుంటే అది కండ. పైన నడుము బల్లలాగా వెడల్పుగా వుండి, కిందికి వచ్చేసరికి సన్నబడితే ఆ వెడల్పులో చాలా భాగం కొవ్వే. కండ పట్టిన పిల్లకు వెన్ను పైభాగం రెండు వైపులా గుండ్రంగా తేలి, నడుమ చిన్న గాడి కనిపిస్తుంది. దూరం నుంచి చూసి 'బాగా మేపాడు' అని మెచ్చుకునే జీవాల్లో రెండో రకం తక్కువేమీ వుండవు.

కన్ను చెప్పినదాన్ని చెయ్యి రుజువు చేయాలి. వేళ్లు దగ్గరగా చేర్చి, అరచెయ్యి చాచి, వెన్ను మీద ఆనించి మెల్లగా జరుపుతారు. వేళ్లతో పొడవరాదు. తరువాత పక్కటెముకల మీద, ఆ తరువాత నడుము అంచు మీద. కొత్తవారికి నేర్పేటప్పుడు చెప్పే కిటుకొకటి వుంది. పిడికిలి బిగించి కణుపుల మీద రెండో చేతి వేళ్లు నడిపితే ఎముకలు గరుకుగా తగులుతాయి. వెన్ను అలా తగిలితే జీవం బక్కది. పిడికిలి విప్పి చేతి వెనుక భాగాన్ని తడిమితే ఎముక వున్నట్లు తెలుస్తుంది గాని గుచ్చుకోదు. కోతకు తగిన స్థితి అదే. బొటనవేలి మొదట్లోని మెత్తని కండలాగా తగిలి, నొక్కినా ఎముక ఆనవాలు దొరకకపోతే కొవ్వు మితిమీరినట్లే. ఈ పాఠానికి ఖర్చు లేదు. సంతకు పోయే దారిలో ఎవరికి వారే నేర్చుకోవచ్చు.

అక్కడ కొవ్వును అంకెల్లోకి కూడా తెచ్చారు. కోసిన తరువాత 12వ, 13వ పక్కటెముకల మధ్య వెన్ను మీది కొవ్వు మందం కొలుస్తారు. అంగుళాల్లో వచ్చిన ఆ మందాన్ని పదిరెట్లు చేసి 0.4 కలిపితే ఆ మాంసపు తరగతి వస్తుంది. మందం 0.2 అంగుళాలు, అంటే 5 మిల్లీమీటర్లు అయితే 2.4 వస్తుంది. అది రెండో తరగతి. 0.4 అంగుళాలు అయితే 4.4, నాలుగో తరగతి. అంకె పెరిగిన కొద్దీ అమ్మకానికి పనికివచ్చే మాంసం తగ్గుతుంది. చేతితో తడిమి ఐదు మిల్లీమీటర్లకూ పదికీ తేడా చెప్పగలగటమే న్యాయనిర్ణేత పనితనం. కొన్ని పోటీల్లో ప్రదర్శన ముగిశాక జీవాలను కోసి, ఆయన తీర్పు నిలిచిందో లేదో అందరి ఎదుటా తేలుస్తారు.

ఇక్కడే దిగుబడి శాతం వర్తకుణ్ణి మోసగిస్తుంది. కొవ్వెక్కిన జీవం కోస్తే శాతం ఎక్కువే చూపుతుంది. చెరి 60 కిలోల పిల్లలు రెండు వున్నాయనుకుందాం. కండగలది నూటికి 51 చొప్పున 30.6 కిలోలు, కొవ్వుగలది నూటికి 54 చొప్పున 32.4 కిలోలు దిగింది. కొవ్వు చెక్కివేయగా మొదటిదాంట్లో 2 కిలోలు, రెండోదాంట్లో 6 కిలోలు పోయిందనుకుంటే, మిగిలింది 28.6, 26.4. కాగితం మీద గెలిచినది అంగట్లో ఓడింది. ఎముక, కొవ్వు కలిపే తూచి అమ్మే మన కొట్లలో ఈ తేడా వెంటనే బయటపడదు. ఖాతాదారు మరో కొట్టుకు వెళ్లినప్పుడు బయటపడుతుంది.

బరిలో మాయలకూ కొదవ లేదు. బాలుడు మోకాలితో జీవం రొమ్మును నొక్కిపట్టగానే అది ఎదురునెట్టుతుంది. ఆ బిగువులో కండ రాయిలా తగులుతుంది. అందుకే నడిపించి చూడటం, పట్టు సడలించి తడమటం అవసరం. బలవంతంగా నీళ్లు పట్టటం, నిషిద్ధ మందులు వాడటం కూడా జరిగినవే. గెలిచిన జీవాలకు మందుల పరీక్షలు పెట్టవలసి వచ్చింది. ప్రదర్శన వేలంలో మొదటి బహుమతి జీవానికి పలికే ధర మార్కెట్టు ధర అనుకుంటే పొరపాటు. స్థానిక వ్యాపారులు పిల్లల ప్రోత్సాహానికి పాడే పాట అది.

వయసు సంగతి ఇక్కడివారికి కొత్త కాదు. పాలపళ్ల మీద వున్నదా, రెండు పళ్లు వేసిందా అన్నది బేరంలో మొదటి ప్రశ్న. అమెరికాలో కోసిన తరువాత కూడా ముంగాలి కీలు చూసి లేతదో ముదురో నిర్ణయిస్తారు. ముదిరితే ధర బాగా పడిపోతుంది.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటిది తెలంగాణ, 1 కోటి 90 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్, 1 కోటి 76 లక్షలు. అయినా మన వారపు సంతల్లో పొట్టేళ్లు ఇంకా ఎక్కువగా జీవానికింత అని చూపు మీదనే చేతులు మారుతున్నాయి. బొచ్చు లేని నెల్లూరు జాతిలో పక్కటెముకలు కంటికే కొంత తెలుస్తాయి. ఉన్ని కప్పుకున్న దక్కనీ గొర్రె విషయంలో తడమకుండా ధర చెప్పటం సాహసమే.

ఉప్పు మేపి నీళ్లు తాగించిన జీవం సంగతి దళారులెరిగినదే. 30 కిలోలుగా అంచనా కట్టిన పొట్టేలులో 2 కిలోలు అలా పట్టించిన నీరే అయితే, నూటికి 45 దిగుబడి చొప్పున 900 గ్రాముల మాంసం లేనట్లే. మాంసం కిలో 800 రూపాయలు అనుకుంటే 720 రూపాయలు, వంద పొట్టేళ్ల లారీకి 72 వేలు. గొర్రె పెద్దపొట్ట ఎడమవైపు వుంటుంది కాబట్టి ముందు చూడవలసినది ఎడమ డొక్క. అమెరికాలో తూకం మీద కొనేటప్పుడు 3, 4 శాతం ముందే కొట్టివేసి లెక్క కట్టే ఒప్పందాలు వున్నాయి. జీవానికింత అని కొనే మన పద్ధతిలో అటువంటి తరుగు లేదు గనుక, ఆ మేరకు మొదట చెప్పే ధరలోనే తగ్గించుకోవలసి వుంటుంది.