మట్టిలో కలిసే ప్లాస్టిక్: కిలో ధర ఒకటి, చెంచా ధర మరొకటి

రామాపురం: బాపట్ల జిల్లా తీరంలో రామాపురం, సూర్యలంక బీచ్‌ల వద్ద హోటళ్లకు, తినుబండారాల దుకాణాలకు ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు పంపే వర్తకులకు 2022 జులై 1 నుంచి లెక్క మారింది. ఒకసారి వాడి పారవేసే చెంచాలు, పళ్లాలు, కప్పులు, స్ట్రాలు ఆనాటి నుంచి దేశమంతటా నిషిద్ధమైనవి. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌తో చేసిన సరకుకు మాత్రం నిబంధనలలో మినహాయింపు వున్నది. తెనాలి, బాపట్ల, రేపల్లె హోల్‌సేల్ వర్తకులు ఈ సరకుకు ఆర్డరు పెట్టేముందు దాని గుణాన్ని కొంత తెలుసుకోవడం లాభదాయకం.

చెంచా వంటి గట్టి వస్తువులను ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రంపై పోస్తారు. వీటికి ఎక్కువగా వాడే రకం పి.ఎల్.ఏ. మొక్కజొన్న పిండి నుంచి గానీ, చెరకు చక్కెర నుంచి గానీ లాక్టిక్ ఆమ్లం తీసి, దానిని గుళికలుగా మారుస్తారు. అమెరికాలోని నేచర్‌వర్క్స్ కంపెనీకి సంవత్సరానికి లక్షన్నర టన్నులు, థాయిలాండ్‌లోని టోటల్ ఎనర్జీస్ కార్బియన్‌కు 75 వేల టన్నులు తయారుచేసే శక్తి వున్నది. మన దేశంలో బలరాంపూర్ చీనీ మిల్స్ ఉత్తరప్రదేశ్‌లోని కుంభీ వద్ద చెరకు ఆధారంగా పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలని 2024లో నిర్ణయించింది.

తిరుమలలో లడ్డూ ప్రసాదానికి డి.ఆర్.డి.ఓ. రూపొందించిన మట్టిలో కలిసే సంచులు 2021 ఆగస్టులో అమ్మకానికి వచ్చినవి. వాటిని చూసి అదే గుళికలతో చెంచాలు పోయవచ్చునని అనుకోరాదు. సంచి సరకు మెత్తగా సాగాలి, చెంచా సరకు గట్టిగా నిలవాలి. పేరు ఒకటే అయినా రెండూ వేరు సరుకులు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

గుళికలు కిలోల మీద కొంటారు, చెంచాలు వందల మీద అమ్ముతారు. తేడా ఇక్కడే వస్తుంది. పాలీప్రొపిలీన్ ఒక ఘనపు సెంటీమీటరుకు 0.91 గ్రాము తూగితే, పి.ఎల్.ఏ. 1.24 గ్రాములు తూగుతుంది. అచ్చులో పట్టే పరిమాణం మాత్రం మారదు. నాలుగు ఘనపు సెంటీమీటర్లు పట్టే చెంచాను తీసుకుంటే, కిలో పాలీప్రొపిలీన్‌కు సుమారు 275 చెంచాలు వస్తవి. కిలో పి.ఎల్.ఏ.కు 200 మాత్రమే.

లెక్క కోసం పాత సరకు కిలో నూరు రూపాయలు, కొత్తది రెండు వందలు అనుకుందాం. ధర రెట్టింపే కదా అనిపిస్తుంది. కాని వెయ్యి చెంచాలకు పాత సరకు ఖర్చు 364 రూపాయలయితే, కొత్తది 992 అవుతుంది. అంటే రెండు రెట్లు కాదు, రెండు రెట్ల మీద ముప్పాతిక దాకా. కిలో ధర మాత్రమే చూసి హోటల్ వారికి రేటు ఒప్పుకున్న వర్తకుడు ఆ తేడా తన జేబులోంచి పెట్టుకోవలసిందే.

తేమ, వేడి

పి.ఎల్.ఏ. గుళికలలో తేమ నూటికి 0.025 వంతు మించరాదు. 25 కిలోల బస్తాకు ఆరు గ్రాముల నీరు, ఒక టీ చెంచాడు అన్నమాట. అంతకు మించితే కరిగించే వేడిలో పదార్థం విరిగిపోయి, చెంచా చేతిలోనే పుటుక్కుమంటుంది. కృష్ణా డెల్టా గాలిలో మూతి విప్పిన బస్తా ఎంతసేపు నిలుస్తుందో చెప్పనక్కరలేదు. ఆరబెట్టే యంత్రం లేని మౌల్డర్‌కు ఆర్డరు ఇవ్వకపోవడమే మంచిది. రన్నర్లు, తునకలు కూడ పాత ప్లాస్టిక్ స్క్రాపులో కలిపితే ఆ స్క్రాపు కూడ చెడుతుంది.

ఇంకొక చిక్కు. మామూలు పి.ఎల్.ఏ. 55, 60 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. వేడి టీలో పెట్టిన చెంచా వంగిపోతుంది. మే నెల ఎండలో నిలిపిన మూత లారీలోను, రేకుల గోడౌను కప్పు కింద పేర్చిన అట్టపెట్టెలలోను ఆ వేడికి చేరువగా పోయే ప్రమాదం వున్నది. వేడికి ఆగే రకం వున్నది గాని, దానికి అచ్చును 100 డిగ్రీల దరిదాపుల్లో వేడిగా వుంచి ఎక్కువసేపు పట్టాలి. గంటకు వచ్చే చెంచాలు తగ్గుతవి గనుక మౌల్డర్ కూలి ఎక్కువ అడుగుతాడు. ఐస్‌క్రీంకా, బిరియానీకా అన్నది ఆర్డరులో ముందే వ్రాయించుకోవాలి.

సముద్రంలో కలవదు

ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణం ప్రకారం ఈ సరకు 180 రోజుల్లో నూటికి 90 వంతులు జీవక్రియ వల్ల విడిపోవాలి. కాని ఆ పరీక్ష 58 డిగ్రీల వేడిగల కంపోస్టులో జరుగుతుంది. రామాపురం ఇసుకలో పడిన చెంచాకు ఆ వేడి దొరకదు. సముద్రపు నీటిలో సంవత్సరం గడిచినా పి.ఎల్.ఏ. దాదాపు అట్లాగే వుంటుంది. కనుక బీచ్ హోటళ్లకు అమ్మేటప్పుడు “పారవేస్తే కరిగిపోతుంది” అని చెప్పడం వర్తకుడికి క్షేమం కాదు. వాడినవి విడిగా పోగుచేసి కంపోస్టు కేంద్రానికి పంపే ఏర్పాటు వున్న కొనుగోలుదారుకే ఈ సరకు సార్థకం. మిగిలినవారికి విస్తరాకు, చెక్క చెంచా చవకగా పడతవి.

ఈ సరకు తయారీదారులు, విక్రేతలు అమ్మకానికి ముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ పొందవలసి వున్నది. ప్యాకింగు మీద నంబరు, తయారీదారు పేరు సరిచూసుకోవాలి. అంతకంటె ముందు, గోడౌనులోనే గ్లాసెడు నీళ్లతో ఒక పరీక్ష చేయవచ్చు. బుడగలు అంటకుండ చెంచాను నీటిలో ముంచి వదిలితే, తేలితే అది పి.ఎల్.ఏ. కాదు, రసాయనం కలిపిన పాత పాలీప్రొపిలీన్ కావచ్చును. మునిగినంత మాత్రాన అసలుదని నమ్మరాదు. పాలీస్టైరీన్ కూడ మునుగుతుంది, సుద్ద ఎక్కువ కలిపిన పాలీప్రొపిలీన్ కూడ మునగవచ్చు.