క్యాంపు బ్యాగు కన్నా ముందు పిల్ల తల

ఏప్రిల్ నెలాఖరుకి బడులు మూసేస్తారు. వెంటనే క్యాంపుల హడావుడి మొదలవుతుంది: ఈత, స్కేటింగ్, కూచిపూడి, వారం పది రోజులు ఊరి బయటే ఉంచుకునే శిబిరాలు. నిర్వాహకులు ఇచ్చే చిట్టాలో టోపీ, నీళ్ల సీసా, దోమల క్రీము, టార్చిలైటు అన్నీ ఉంటాయి. తల సంగతి మాత్రం ఎవరూ రాయరు. బ్యాగు సర్దడం కన్నా ముందు పిల్ల తల ఓసారి చూడండి. ‘మా ఇంట్లో పేలా!’ అని నొచ్చుకోనక్కర్లేదు. రోజూ తలస్నానం చేసే తలైనా, వారానికోసారి చేసే తలైనా పేనుకి ఒకటే. పేల వల్ల జబ్బులూ రావు. చిరాకు, నిద్ర చెడడం, గోకి గోకి పుండ్లు పడడం, అంతే.

పేను ఎగరదు, గెంతదు, పాకుతుంది. రెండు తలలు ఆనుకున్నప్పుడు ఈ వెంట్రుక వదిలి ఆ వెంట్రుక పట్టుకుంటుంది. క్యాంపులో అందుకు అసలైన సమయం రాత్రి. హాల్లో వరసగా పరుపులు వేస్తారు, దీపాలు ఆర్పాక నలుగురైదుగురు తలలు దగ్గర చేర్చి గుసగుసలు మొదలెడతారు. ఇక సెల్ఫీల సంగతి చెప్పనే అక్కర్లేదు. దువ్వెనలు, హెల్మెట్ల ద్వారా అంటడం అరుదు, ఎందుకంటే తల వదిలిన పేను ఒకటి రెండు రోజులకి మించి బతకదు. అయినా కూచిపూడి క్యాంపుకి వెళ్లే పిల్లకి సొంత సవరం ఇచ్చి పంపండి. ప్రదర్శన రోజున ఒకే సవరం ముగ్గురి జడల్లోకి మారడం నాకైతే నచ్చదు. ఈతకొలనులో క్లోరిన్ నీళ్లకి పేలు చస్తాయనుకుంటారు గానీ చావవు, వెంట్రుకని పట్టుకుని గంటల తరబడి అలాగే ఉంటాయి.

తల చూడడం బయల్దేరే ముందురోజు రాత్రి పెట్టుకునే పని కాదు. కనీసం రెండు వారాల ముందు చూడండి. ‘గోక్కోవట్లేదుగా’ అని ఊరుకోవద్దు. మొదటిసారి పేలు పట్టిన పిల్లకి దురద తెలియడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు.

పొద్దున్నే కిటికీ పక్కన, మంచి వెలుతురులో, పిల్లని పీట మీద కూర్చోబెట్టండి. తలంటిన జుట్టు తడి ఆరకముందే కండిషనర్ దండిగా పట్టించి, మామూలు దువ్వెనతో చిక్కు తీసేయండి. కండిషనర్ తగిలితే పేలు చురుగ్గా పరిగెత్తలేవు. తర్వాత పేలదువ్వెన. ప్లాస్టిక్‌ది కాకుండా దగ్గర దగ్గరగా సన్నటి ఉక్కు పళ్లున్నది తీసుకోండి. చెవుల వెనక, మెడ పైన మొదలుపెట్టి, పాయ తర్వాత పాయ, కుదురు నుంచి కొస దాకా దువ్వండి. దువ్విన ప్రతిసారీ దువ్వెనని తెల్లగుడ్డ మీద తుడిచి చూడండి. ఎదిగిన పేను నువ్వుగింజంత ఉంటుంది. ఈపులు ఇంకా చిన్నవి, వెంట్రుకకి ఒక పక్కన అతుక్కుని ఉంటాయి. చుండ్రు అయితే ఊదగానే ఎగిరిపోతుంది, ఈపిని రెండు గోళ్ల మధ్య పట్టి లాగాలి. కుదురుకి అర సెంటీమీటరు లోపు కనిపిస్తే అవి ఈమధ్య పెట్టినవై ఉండొచ్చు. బాగా కిందికి ఉన్నవి చాలావరకు ఎప్పుడో పగిలిన ఖాళీ డొల్లలే, జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కదా. అమ్మమ్మలు మధ్యాహ్నం పూట ఈర్పెన పట్టుకుని చేసిన పని ఇదే, వాళ్లకి కండిషనర్ లేదు, కొబ్బరినూనె ఉండేది.

బతికున్న పేను కనిపిస్తేనే మందు. 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ మందుల షాపుల్లో దొరుకుతుంది. మీ పిల్లకి ఏది సరిపోతుందో డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి, సీసా మీద రాసినంతసేపే ఉంచి కడిగేయండి. గుడ్లన్నీ ఒక్క దెబ్బకి చావవు. అవి పగలడానికి వారం, తొమ్మిది రోజులు పడుతుంది కాబట్టి సుమారు 9వ రోజున మళ్లీ రాయాలి. రెండు వారాల గడువు అడిగింది ఇందుకే. పేలు లేని తలకి ‘ముందుజాగ్రత్త’ అని మందు రాయకండి, దానివల్ల లాభం లేదు. కిరోసిన్ జోలికి అసలు పోవద్దు. సీతాఫలం గింజల ముద్ద ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పెడుతున్నారు. అది కారి కంట్లో పడితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, కంటి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తుంది. చీమల చాక్‌పీసు చీమలకే, తలకి కాదు. గుండు చేయిస్తే పేలు పోయే మాట నిజమే. తిరుపతి మొక్కు నిజంగా ఉంటే సరే, లేని మొక్కుని పేల కోసం పుట్టించి పదేళ్ల పిల్లని ఏడిపించకండి.

క్యాంపులో ఉన్నన్నాళ్లూ జుట్టు విరబోసుకోకుండా రెండు జడలు బిగించి వేసుకోమనండి, జడ వేసుకోవడం రాకపోతే ముడి చాలు. దువ్వెన, తువ్వాలు, దిండు గలీబు ఎవరివి వాళ్లవే. ‘ఎవరి తలలో పేలున్నాయో చూసి దూరంగా ఉండు’ అని మాత్రం చెప్పి పంపకండి. అలా చెప్పించుకున్న పిల్ల రేపు తన తల దురదపెడితే ఎవరికీ చెప్పదు. ‘దురదగా ఉంటే మేడంకి చెప్పమ్మా, ఎవరూ ఏమీ అనరు’ అంటే చాలు.

తిరిగొచ్చిన రోజే బట్టలు, దుప్పటి వేడినీళ్లలో వేసేయండి. ఇల్లంతా మందు కొట్టించడం డబ్బు దండగ. అదే పద్ధతిలో తల దువ్వి చూసి, తర్వాత మూడు నాలుగు రోజులకోసారి రెండు వారాల పాటు చూస్తూ ఉండండి. పేను కనిపిస్తే క్యాంపు తల్లుల వాట్సాప్ గ్రూపులో ‘మా అమ్మాయి తలలో కనిపించాయి, మీరూ ఓసారి చూసుకోండి’ అని రాయండి. ఎక్కడి నుంచి వచ్చాయని ఆరా తీయొద్దు. ఇంట్లో అందరి తలలూ చూడాలి, ముందుగా రాత్రిపూట పిల్లని పక్కలో పడుకోబెట్టుకునే నాయనమ్మది.