తిరగబెట్టిన జ్వరం

"పడిశం పది రోగాల పెట్టు" అంటారు మన పెద్దవాళ్లు. అక్కలారా, ఈ మాట మీరందరూ విన్నదే. పడిశం పట్టిందని ఎవరూ భయపడరు. మరి ఈ మాట ఎందుకు పుట్టింది? పడిశం వెనకాల ఇంకో జబ్బు రావచ్చు గనుక. ఆ పది రోగాల్లో ఒకదాని గురించి ఈ పాఠంలో చదువుకుందాం. దాన్ని మనం నెమ్ము అంటాం. డాక్టర్లు న్యుమోనియా అంటారు.

ముందు ఫ్లూ సంగతి తెలుసుకుందాం. ఫ్లూ మామూలు జలుబు లాంటిది కాదు. జ్వరం ఒక్కసారిగా వస్తుంది. ఒళ్లంతా నొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు. మనిషి మంచం దిగలేడు. దీనికి కారణం వైరస్ అనే చాలా చిన్న క్రిమి. చాలామందికి నాలుగైదు రోజుల్లో జ్వరం తగ్గుతుంది. దగ్గు, నీరసం ఇంకొన్నాళ్లు ఉంటాయి.

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. మామగారికి 65 ఏళ్లు. సోమవారం ఫ్లూ జ్వరం వచ్చింది. శుక్రవారానికి తగ్గింది. జావ తాగారు. అరుగు మీద కూర్చున్నారు. కోడలు అమ్మయ్య అనుకుని కూలికి పోయింది. ఆదివారం రాత్రి మళ్లీ చలి, వణుకు, జ్వరం. ఊపిరి పీలిస్తే డొక్కలో పొడిచినట్టు నొప్పి. దగ్గితే పసుపు రంగు కఫం.

"ఆ జ్వరమే తిరగబెట్టిందే. మిరియాల కషాయం పెట్టు. తెల్లారేసరికి తగ్గుద్ది" అంది అత్త.

అత్త చెప్పింది నిజమేనా? కాదు. పాత జ్వరం తిరిగి రాలేదు. ఇది కొత్త జబ్బు. దీన్ని తెచ్చింది వేరే క్రిమి. తిరగబెట్టింది అనే మాట దగ్గరే మనం మోసపోతాం.

చేను చుట్టూ ముళ్ల కంచె వేస్తాం కదా. గాలివానకు కంచె పడిపోయింది. వాన వెలిసింది. మర్నాడు గొడ్లు చేలో పడి మేశాయి. పైరు పోయింది గొడ్ల వల్ల. కానీ వాటికి దారి ఇచ్చింది గాలివాన. ఫ్లూ ఆ గాలివాన లాంటిది. ఆ గొడ్లు బాక్టీరియా అనే క్రిములు.

మన ఒంట్లో కంచె ఎక్కడుంది? ఊపిరి పోయే గొట్టాల లోపల కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. అది ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. దుమ్మునూ, క్రిములనూ కఫంతో సహా పైకి ఊడ్చేస్తుంది. ఫ్లూ వైరస్ ఈ నూగును పాడుచేస్తుంది. అది బాగుపడటానికి కొన్నాళ్లు పడుతుంది. బాక్టీరియా ఎక్కడి నుంచో రానక్కర్లేదు. మన ముక్కులో, గొంతులో కొన్ని ముందే ఉంటాయి. మామూలు రోజుల్లో ఏ హానీ చెయ్యవు. కంచె పడిపోగానే కిందికి, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

కొలిమి దగ్గర తిత్తి చూశారు కదా. అది ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ఊపిరితిత్తి కూడా అలాగే చేస్తుంది. కానీ లోపల ఖాళీ సంచి కాదు. ఇసుక రేణువులంత చిన్న గాలి బుడగలు కోట్ల కొద్దీ ఉంటాయి. నెమ్ము చేస్తే ఆ బుడగల్లో గాలికి బదులు నీరు, చీము నిండుతాయి. అందుకే మనిషి గబగబా ఊపిరి తీస్తాడు. తీసినా చాలదు.

ఇదంతా ఊరికే చెప్పే మాట కాదు. 1918లో ప్రపంచమంతా ఫ్లూ వచ్చింది. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ఆ జూన్ నెలలో జబ్బు బొంబాయిలో కనిపించింది. అక్కడి నుంచి దేశమంతా పాకింది. మన దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు వానలు కూడా లేవు. తిండికి కరువు. ఎక్కువ మంది జ్వరం వచ్చిన మొదటి రెండు రోజుల్లో పోలేదు. వారం, పది రోజులకు పోయారు. అప్పటి రోగుల ఊపిరితిత్తుల ముక్కల్ని అమెరికాలో దాచి ఉంచారు. అక్కడి డాక్టర్లు 58 మందివి మళ్లీ పరీక్షించారు. 8 వేలకు పైగా పాత శవపరీక్షల వివరాలు కూడా చదివారు. 2008లో ఆ సంగతి ప్రకటించారు. చనిపోయినవాళ్లలో దాదాపు అందరికీ బాక్టీరియా వల్ల నెమ్ము చేసి ఉంది.

ఇంకో సంగతి ఉంది. అమెరికాలో ఆ ఫ్లూకు మగవాళ్లు ఎక్కువ పోయారు. మన దేశంలో ఆడవాళ్లు ఎక్కువ పోయారు. చరిత్ర రాసేవాళ్లు దీనికి రెండు కారణాలు చెబుతారు. ఇంట్లో రోగులకు సేవ చేసింది ఆడవాళ్లే. సరైన తిండి లేక నీరసించి ఉన్నదీ వాళ్లే. ఫ్లూ వచ్చిన ఆడమనిషి కూడా పడుకోవాలి. ముందుగా అన్నం తినాలి. ఇది రాయడం తేలికే. ఇంట్లో జరగడం కష్టం. అయినా రాస్తున్నాను, ఈ పాఠం ఇంట్లో మగవాళ్లకు కూడా చదివి వినిపించండి. కడుపుతో ఉన్నవాళ్లకు ఫ్లూ మరీ ప్రమాదం. వాళ్లు మొదటి రోజే ఆసుపత్రికి పోవాలి.

1918లో ఈ నెమ్ము బాక్టీరియాను నయం చేసే సరైన మందు లేదు. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ అనే ఆయన 1928లో కనుక్కున్నారు. అది రోగులకు అందింది 1940 తరువాతే. ఇప్పుడు అలాంటి మందులు చాలా ఉన్నాయి. ఇవి బాక్టీరియాను చంపుతాయి. ఫ్లూ వైరస్‌ను ఏమీ చెయ్యలేవు. కాబట్టి మొదటి జ్వరానికి మందుల షాపులో ఆ బిళ్లలు కొని మింగితే డబ్బు దండగ. తిరగబెట్టిన జ్వరానికి అవి వేసుకోకపోతే ప్రాణానికే ముప్పు. రెండింటికీ తేడా డాక్టరు చూసి చెప్పాలి. మందు ఎన్ని రోజులు రాసిస్తే అన్ని రోజులూ వెయ్యాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు.

ఆ ఇంట్లో కోడలు ఏం చెయ్యాలి? కషాయం ఇవ్వవచ్చు, తప్పు లేదు. కానీ కషాయం ఇచ్చి ఊరుకోకూడదు. మామగారిని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ముసలివాళ్లకు ఒక్కోసారి జ్వరం పెద్దగా కనిపించదు. మగతగా పడి ఉంటారు. మాట తడబడుతుంది. అదీ ప్రమాదమే. ఊపిరి అందకపోయినా, పెదాలు నీలం రంగుకు తిరిగినా 108కి ఫోను చెయ్యాలి.

పసిపిల్లలు నొప్పి అని చెప్పలేరు. వాళ్ల ఊపిరి మనమే లెక్కపెట్టాలి. మీరు నేర్చుకున్న అంకెలు ఇక్కడ పనికొస్తాయి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకండి. నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తండి. పొట్ట ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. గడియారంలో గానీ ఫోనులో గానీ నిండు నిమిషం చూడండి. సగం నిమిషం చూసి రెట్టింపు చెయ్యకండి, లెక్క తప్పుతుంది. రెండు నెలలు నిండని బిడ్డకు 60 గానీ ఇంకా ఎక్కువ గానీ వస్తే నెమ్ము కావచ్చు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కోసం కూడా ఆగవద్దు. బిడ్డను ఎత్తుకుని బయలుదేరండి. దారిలో పాలు ఇస్తూనే ఉండండి. వాతలు పెట్టించడం, పసరు పోయించడం వద్దు. ఆ పూట వృథా అవుతుంది. బిడ్డకు ఆ పూటే ముఖ్యం.

పొయ్యి పొగ, బీడీ పొగ కూడా ఆ నూగును పాడుచేస్తాయి. బిడ్డను చంకలో పెట్టుకుని పొయ్యి ఊదకండి.

నెమ్ము తెచ్చే బాక్టీరియాల్లో ముఖ్యమైన దానికి టీకా ఉంది. దాని పేరు పి.సి.వి. మన ప్రభుత్వ టీకాల్లో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. 2021లో దేశమంతటికీ వచ్చింది. డబ్బు కట్టనక్కర్లేదు. ఒకటిన్నర నెలకు, మూడున్నర నెలలకు, తొమ్మిదో నెల నిండాక వేస్తారు. పెద్దవాళ్లకు కూడా ఫ్లూ టీకా, నెమ్ము టీకా వేరేగా ఉన్నాయి. వాటి సంగతి డాక్టరును అడగాలి.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో చంటిబిడ్డ టీకా కార్డు బయటికి తియ్యండి. పి.సి.వి. ఎక్కడ రాసి ఉందో ఆశా అక్కను చూపించమనండి. దాని ఎదురుగా మూడు గడులుంటాయి. మూడింట్లోనూ తేదీలున్నాయా? చదవండి. ఖాళీ గడి కనిపిస్తే, ఈసారి టీకాల రోజున నర్సమ్మ దగ్గరకు ఆ కార్డు పట్టుకెళ్లండి.