ముప్పై ఐదులో ఐటీఐ

ఐటీఐలో చేరడానికి కనీసం 14 ఏళ్లు నిండాలి. పైన ఇంత దాటకూడదన్న హద్దు లేదు. కరణ్‌కోటలో, తాండూరులో పనికి పోయేవాళ్లలో మొదటి మాట తెలిసినవారే ఎక్కువ. రెండోది చెబితే నమ్మరు. నమ్మినా, "గీ వయసుల సదువేందిరా, పోరగాండ్ల నడుమ కూసుంటవా?" అనే చుట్టం ఒకరు ఇంట్లోనే సిద్ధంగా ఉంటారు. ఆయనకు జవాబు చెప్పే పని పెట్టుకోకండి. మీకు మీరు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఏ కాగితం లేక మీ పైమెట్టు మూసుకుపోయింది?

కరణ్‌కోటలో ఈ ప్రశ్న గాల్లోది కాదు. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ ఇక్కడ 1987లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నులు. చుట్టూ సున్నపురాయి గనులు, నాపరాళ్ల క్వారీలు, తాండూరు దాకా పాలిషింగ్ యూనిట్లు. క్రషర్, కిలన్, కన్వేయర్ బెల్టు, కోత మిషను... వీటిలో ఏది ఆగినా ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ కావాలి. పదేళ్లు హెల్పర్‌గా చేసినవాడు చప్పుడు విని బేరింగ్ పోయిందని చెప్పేస్తాడు. అయితే డ్రాయింగ్ చదివి కొలత ప్రకారం కొత్తది కూర్చమంటే పక్కకు తప్పుకుంటాడు. చెయ్యి తిరిగింది, లెక్క తిరగలేదు. జీతంలో తేడా అక్కడే మొదలవుతుంది.

కాబట్టి మేనమామ కొడుకు ఏ ట్రేడ్ చదివాడో చూసి చేరకండి. మీరు ఇప్పుడు చేస్తున్న పనికి ఆనుకుని ఉన్న ట్రేడ్ పట్టుకోండి. వెల్డర్‌కు ఎనిమిదో తరగతి చాలు, కోర్సు ఏడాదే. వైర్‌మన్‌కూ ఎనిమిదే, కానీ రెండేళ్లు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కావాలంటే పది పాసై ఉండాలి, అవీ రెండేళ్లు. కరెంటు పనిలోకి దిగేవారు ఐటీఐ సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోకూడదు. లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ దాకా వెళ్తేనే మీ పనికి విలువ. గనిలో ఉన్నవారి దారి మళ్లీ వేరు: మేట్, బ్లాస్టర్, ఫోర్‌మన్ సర్టిఫికెట్లను గనుల భద్రతా డైరెక్టరేట్ ఇస్తుంది. వాటికి అనుభవంతోపాటు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కూడా కావాలి. మీ క్వారీలో మేనేజరును ఒక పూట పట్టుకుని అడిగితే అన్నీ తేలతాయి.

ఇక అసలు అడ్డంకి. అది సిగ్గు కాదు, తెలివితేటలూ కాదు, కూలి. ఐటీఐలో 80 శాతం హాజరు కావాలి, అంటే పగటి పని పోయినట్టే. స్ఫూర్తి ప్రసంగాలు ఈ మాట చెప్పవు, అందుకే వాటిని విని చేరినవారు దీపావళి నాటికి మానేస్తారు. చేరకముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి కాగితం మీద రాయండి: నెలకు ఎంత కావాలి, ఎంత తగ్గుతుంది, ఆ లోటు ఎవరు పూడుస్తారు. ఇంటావిడకు తెలియకుండా వేసిన లెక్క లెక్క కాదు. ఐటీఐలో రెండో షిఫ్టు ఉందో కనుక్కోండి. రెండేళ్లు ఇల్లు గడవదని తేలితే వెల్డర్ కోర్సుతో ఏడాదిలో బయటపడండి. అదీ కుదరదంటే ఈ ఏడాది డబ్బు కూడబెట్టి వచ్చే ఏడాది చేరండి. అప్పు చేసి చేరడం మాత్రం వద్దు.

తరగతి గది గురించి భయం ఉంటే సగం తగ్గించుకోండి. వర్క్‌షాప్ కాలిక్యులేషన్‌లో మొదటి రెండు నెలలు తిప్పలు తప్పవు. భిన్నాలు, శాతాలు, త్రికోణాలు మళ్లీ మొదటినుంచి. పదో తరగతి చదివే మీ పిల్ల ఉంటే రోజూ అరగంట ఆమె దగ్గర కూర్చోండి, ఇద్దరికీ లాభం. ప్రాక్టికల్‌లో మాత్రం మీరే ముందుంటారు. అందులో పాస్ కావాలంటే 60 శాతం రావాలి. పదిహేడేళ్ల కుర్రాడు ఆకురాయి పట్టడం నేర్చుకునేలోపు మీరు జాబ్ పూర్తి చేసి పక్కన పెడతారు. ఇన్‌స్ట్రక్టర్ మీకంటే పదేళ్లు చిన్న కావచ్చు. అయినా సార్ అనాల్సిందే. "సైట్‌లో మేం ఇట్ల చెయ్యం సార్" అని మొదటి వారమే మొదలుపెట్టకండి. ఆయన చెప్పిన పద్ధతి ఎందుకలా ఉందో అడగండి. ఆ ఎందుకు కోసమే కదా మీరు వచ్చింది!

హాజరు లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామనే దళారులు దొరుకుతారు. డబ్బు తీసుకుంటారు, కాగితమూ ఇస్తారేమో. ప్యానెల్ బోర్డు ముందు నిలబడ్డప్పుడు ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు.

పది పాసు కానివారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, దానికీ పై వయసు హద్దు లేదు. సొంతంగా రాయి కొట్టే, చెక్కే పనివారికి, తాపీమేస్త్రీలకు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. అందులో వారం లోపే ముగిసే ప్రాథమిక శిక్షణకు రోజుకు రూ.500 ఇస్తారు. పనిముట్లకు రూ.15,000 వరకు సాయం. ఇది ఐటీఐకి బదులు కాదు, కానీ రెండేళ్లు ఆగలేనివారికి పనికొస్తుంది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను కొత్త యంత్రాలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. ఇరవై ఏళ్ల కిందటి ఐటీఐని మనసులో పెట్టుకుని వద్దనుకోకండి, ఒకసారి వెళ్లి వర్క్‌షాప్ చూసి రండి.

సీట్లు మార్కుల మీద ఇస్తారు, కాబట్టి మీ పాత మెమో కావాలి, టీసీ కావాలి. ట్రంకు పెట్టె ఇవాళే తీయండి. టీసీ కనిపించకపోతే ముందు వెళ్లాల్సింది ఐటీఐకి కాదు, మీరు చదివిన బడికి. వేసవి సెలవుల్లో హెడ్మాస్టరు దొరకరు, ఏప్రిల్ సగం దాటకముందే వెళ్లండి.